బటన్ నొక్కితే ఆట అయిపోతుందా?

"అది గేమ్ కాదు బాబూ, సినిమా. మధ్యమధ్యలో ఓ బటన్ నొక్కాలి, అంతే." కథ మీద నడిచే వీడియో గేముల గురించి ఎప్పుడూ వినబడే మాటే ఇది. ఈ గొడవ కొత్తదేం కాదు, నలభయ్యేళ్ళు దాటింది.

1983లో అమెరికా ఆర్కేడ్లలోకి డ్రాగన్స్ లెయిర్ వచ్చింది. పక్క మెషీన్లలో చుక్కలూ గళ్ళూ కదులుతుంటే, ఇందులో డిస్నీ వదిలి బయటికొచ్చిన డాన్ బ్లూత్ తీసిన అసలు సిసలు కార్టూన్, లేజర్ డిస్క్ మీంచి నడిచేది. మిగతావాటికి పావు డాలరైతే దీనికి అర డాలర్. అయినా జనం ఎగబడ్డారు. తీరా జాయ్‌స్టిక్ పట్టుకుంటే సంగతి తెలిసేది: డర్క్ అనే ఆ వీరుణ్ణి మనం నడిపించడం లేదు! సరైన క్షణంలో సరైన దిక్కుకి తోస్తే తర్వాతి సీను, లేదంటే చచ్చే సీను. మన భాషలో చెప్పాలంటే బొమ్మలు అతికించిన ఇఫ్-ఎల్స్. గుర్తుంటే గెలుస్తాం. ఎక్కాలు అప్పజెప్పడం లాంటిదన్నమాట.

విచిత్రమేమిటంటే, అంతకుముందే 1976-77ల్లో విల్ క్రౌథర్, డాన్ వుడ్స్ ఫోర్ట్రాన్‌లో రాసిన కొలోసల్ కేవ్ అడ్వెంచర్‌లో బొమ్మే లేదు. జాయ్‌స్టిక్ లేదు. ఒకటి రెండు మాటలు టైప్ చెయ్యడమే. కానీ ఏ మాట కొట్టాలో బుర్ర బద్దలు కొట్టుకోవాలి కదా, అందుకని నా లెక్కలో అదే ఎక్కువ ఆట.

డ్రాగన్స్ లెయిర్ పద్ధతికి 1999లో సెగా వాళ్ళ షెన్మూ "క్విక్ టైమ్ ఈవెంట్" అని పేరు తగిలించింది. ఆ తర్వాత కొన్నేళ్ళపాటు ఏ గేమ్‌లో చూసినా అదే జాడ్యం.

2010లో డేవిడ్ కేజ్ హెవీ రెయిన్ తెచ్చాడు. ఇందులో పళ్ళు తోముకోవడానికీ, గడ్డం గీసుకోవడానికీ కూడా కంట్రోలర్‌తో కుస్తీ పట్టాలి. అందరూ వెక్కిరించారు, నిజమే. కానీ బటన్ల పద్ధతి పాతదే అయినా ఒక తేడా ఉంది. మనం ఆడే నలుగురు పాత్రల్లో ఎవరు పోయినా "గేమ్ ఓవర్" రాదు, వాళ్ళు లేకుండానే కథ సాగుతుంది. అంటే మన తప్పు ఎర్రర్ మెసేజ్ కాదు, ఇంకో బ్రాంచ్. చెయ్యి వణికేది అందుకే.

ఇంతకీ ఇది ఆటా కాదా తేల్చడానికి నేను వాడే పరీక్ష ఒక్కటే: యూట్యూబ్‌లో చూస్తే సరిపోతుందా? డ్రాగన్స్ లెయిర్ శుభ్రంగా సరిపోతుంది.

2017 నాటి వాట్ రిమెయిన్స్ ఆఫ్ ఈడిత్ ఫించ్ సరిపోదు. అందులో లూయిస్ చేపల ఫ్యాక్టరీలో పనిచేస్తుంటాడు. కుడి స్టిక్‌తో చేపని లాగి, తల నరికి, అవతలికి తొయ్యాలి. ఎడమ స్టిక్‌తో అతని ఊహల్లోని రాజ్యంలో నడవాలి. కాసేపటికి ఊహ తెరంతా నిండిపోతుంది, కుడి చెయ్యి మాత్రం దాని మానాన అది చేపలు నరుకుతూనే ఉంటుంది. స్టేటస్ కాల్ మ్యూట్‌లో పెట్టి టికెట్లు క్లోజ్ చేసినవాళ్ళకి ఇది వేరే వివరించక్కర్లేదు :) ఆ మనిషి మనసు ఎలా జారిపోయిందో చూసేవాడికి అర్థమవుతుందేమో గానీ, ఆడేవాడికి చేతికి తెలుస్తుంది.

2013లో వచ్చిన బ్రదర్స్ కూడా అంతే (ఆడనివాళ్ళు ఈ పేరా దాటెయ్యండి). ఎడమ స్టిక్ అన్న, కుడి స్టిక్ తమ్ముడు. తమ్ముడికి నీళ్ళంటే భయం, అన్న వీపు పట్టుకునే ఏరు దాటుతాడు. అన్న పోయాక ఓసారి ఒంటరిగా దాటాల్సి వస్తుంది. తమ్ముడి బటన్ ఎంత నొక్కినా కదలడు. అప్పుడు అన్న బటన్ నొక్కాలి.

ఇక 2021 నాటి బిఫోర్ యువర్ ఐస్‌లో బటన్ల గొడవే లేదు. వెబ్‌క్యామ్ మన కళ్ళని చూస్తుంటుంది, రెప్ప వేస్తే కథలో కాలం ముందుకి దూకేస్తుంది. అమ్మ ఏదో చెబుతుంటుంది, పూర్తిగా విందామని రెప్ప బిగబట్టి కూర్చుంటాం. ఎంతసేపని? కళ్ళు మండి నీళ్ళు కారేదాకా ఆపి చూడండి, గేమ్‌ప్లే లేదని అప్పుడు అందురుగాని.