కాటి సీను: నటశిక్షణలో ఒక దృశ్యం

తెలుగు పద్యనాటక రంగంలో నటనకు పాఠశాలల కంటే ముందే 'సీను' గురువైంది. రాయబారం సీను, కాటి సీను అనే వాడుకలే ఇందుకు సాక్ష్యం. నాటకంలోని ఒక్క దృశ్యాన్ని విడిగా సాధన చేసి, విడిగా ప్రదర్శించే ఈ పద్ధతి నేటి రంగస్థల విద్యలోని దృశ్యాభ్యాసానికి దగ్గరి చుట్టం. అయితే ఈ రెండింటిలోనూ నటుడు నేర్చేది ఒకటేనా?

బలిజేపల్లి లక్ష్మీకాంతం (1881-1953) రచించిన హరిశ్చంద్ర నాటకంలోని కాటి సీనుకు రెండు భాగాలున్నాయి. మొదటి దానిలో హరిశ్చంద్రుడు ఒంటరి. గుర్రం జాషువా (1895-1971) శ్మశాన పద్యాలను ఇక్కడ చేర్చి పాడటం ఆచారమైంది. నాటకకర్త రాయని పద్యాలే దృశ్యానికి ఆయువుపట్టు కావడం గమనార్హం. రెండో దానిలో చంద్రమతి లోహితాస్యుని శవంతో వస్తుంది. కాటికాపరి సుంకమడుగుతాడు. తన వద్ద ఏమీ లేదంటే, మెడలోని మంగళసూత్రం ఉందికదా అంటాడు. అది భర్తకు తప్ప అన్యులకు కనబడనిది. ఎదుట ఉన్నవాడెవరో ఆ మాటతో ఆమెకు తెలుస్తుంది.

మొదటి భాగం గాత్రాన్ని, శ్రుతిని, ఊపిరి పట్టును నేర్పుతుంది. రెండోది వినడాన్ని నేర్పుతుంది. భరతుడు చెప్పిన చతుర్విధాభినయాల్లో వాచికం అక్కడ రాజ్యమేలితే, సాత్త్వికానికి పరీక్ష ఇక్కడ. మన రంగస్థలం కీర్తినంతా మొదటిదానికే కట్టబెట్టిందని నా అభిప్రాయం. గ్రామఫోను ఇందుకు తోడ్పడింది. సుమారు మూడు నిమిషాలకు మించని రికార్డు వైపున పద్యం ఇముడుతుంది, సంభాషణ ఇమడదు. రికార్డు విని నేర్చినవారికి దృశ్యం పద్యాల వరుసగానే అందింది.

తెలంగాణలో, చంద్లాపూర్ ఉన్న సిద్దిపేట ప్రాంతంతో సహా, పల్లెలకు పరిచితమైన యక్షగానంలో మరో మార్గం కనిపిస్తుంది. దరువుతో ప్రవేశించిన వేషధారిని సూత్రధారుడు ప్రశ్నిస్తాడు. వేషం బదులు చెప్పితీరాలి. ఎదుటివాని మాటకు స్పందించడం అక్కడ తొలి పాఠం. 1898లో మాస్కో ఆర్ట్ థియేటర్‌ను నెలకొల్పినవారిలో ఒకరైన స్తానిస్లావ్‌స్కీ, పాత్రకు ఈ ఘట్టంలో ఏమి కావాలి అని నటుణ్ణి అడిగించినదీ ఇటువంటి చోటుకు చేర్చడానికే. కాపరికి కావలసింది సుంకం, తల్లికి కావలసింది దహనం. ఈ రెండు కోరికల ఘర్షణను పట్టుకోని నటుడికి ఎంత గొప్ప రాగమూ అక్కరకు రాదు.

మరి చంద్రమతి పాత్రధారి ఏమి నేర్చారు? పూర్వం పురుషులే ధరించిన ఈ పాత్రను గురించి విమర్శకులు రాసింది స్వల్పం. ప్రేక్షకులు 'వన్స్ మోర్' అన్నప్పుడు హరిశ్చంద్రుడు పద్యాన్ని మళ్లీ ఎత్తుకుంటాడు. బిడ్డ శవం ముందు ఆమె శోకం చెదరకుండా, చేయడానికి ఏమీ లేకుండా, ఆ పద్యం ముగిసేదాకా నిలబడాలి.