అందరూ మింగిన మందే... ఆయన ఒక్కరే కుప్పకూలారు!

లండన్. 1975 మే నెల. సెయింట్ మేరీస్ హాస్పిటల్ మెడికల్ స్కూల్.

ఫ్లెమింగ్ పెనిసిలిన్‌ను గుర్తించిన ఆసుపత్రి అది. ఆ రోజు అక్కడ జరుగుతున్నది మాత్రం చాలా మామూలు పరీక్ష. ప్రొఫెసర్ రాబర్ట్ స్మిత్, ఆయన ప్రయోగశాలలో పనిచేసే కొందరు సహచరులు తలా కొంచెం డెబ్రిసోక్విన్ మింగారు. బీపీ తగ్గించడానికి అప్పట్లో డాక్టర్లు రాసే మందు అది. ఒంట్లోకి వెళ్లాక అది ఏమవుతుందో మూత్రం పట్టి చూడాలన్నది వాళ్ల ఆలోచన. కొత్త మందేమీ కాదు, మోతాదూ ఎక్కువ కాదు. భయపడాల్సిన పనేముంది?

రెండు గంటలు తిరక్కుండానే స్మిత్ ఒంట్లో తేడా మొదలైంది. నిలబడితే చాలు, బీపీ జారిపోతోంది. కొలిచి చూస్తే 70/50! ఆయన కుప్పకూలిపోయారు. పక్కనే అదే మందు మింగిన మిగతావాళ్లు మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నారు. స్మిత్ మామూలు మనిషి కావడానికి దాదాపు రెండు రోజులు పట్టింది.

మనం లేచి నిలబడగానే నెత్తురంతా కాళ్లలోకి దిగిపోకుండా నరాలు రక్తనాళాలను బిగించి ఉంచుతాయి. నరాలు పంపే ఆ సంకేతాన్నే డెబ్రిసోక్విన్ ఆపేస్తుంది. అందరిలోనూ అది చేసే పని ఇదే. మరి ఒక్క స్మిత్ మీదే అంత ప్రతాపం ఎందుకు చూపించినట్టు? ఇంకెవరైనా అయితే ‘నాకీ మందు పడలేదు’ అని ఊరుకునేవారు. ఆయన ఊరుకోలేదు.

సీసాల్లో దొరికిన సాక్ష్యం

జవాబు మూత్రం సీసాల్లో దొరికింది. సహచరుల మూత్రంలో మందు చాలావరకు రూపం మార్చుకుని కనిపించింది. లివర్‌లోని ఎంజైము దానికి ఆక్సిజన్‌ను తగిలించి, నీళ్లలో తేలిగ్గా కరిగే పదార్థంగా మార్చేసింది. స్మిత్ మూత్రంలో మాత్రం మందు దాదాపు మింగింది మింగినట్టే ఉంది. అంటే ఆయన లివర్ దాన్ని ముట్టుకోలేదు. విరగని మందు నెత్తుట్లో పేరుకుపోయి, చిన్న మోతాదే పెద్ద దెబ్బ కొట్టింది.

ఇది ఆయన ఒక్కరి సంగతేనా? సహచరులు మహగూబ్, జెఫ్రీ ఐడల్ తదితరులతో కలిసి స్మిత్ 94 మంది వాలంటీర్లకు మందిచ్చి చూశారు. జనం స్పష్టంగా రెండు గుంపులుగా విడిపోయారు. మందును మార్చగలవాళ్లు ఎక్కువమంది, మార్చలేనివాళ్లు కొద్దిమంది. ఆ కొద్దిమంది కుటుంబాలను పరీక్షిస్తే ఇది వంశపారంపర్యమని తేలింది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపమున్న జన్యువే వస్తే ఆ బిడ్డకు ఈ ఇబ్బంది తప్పదు. 1977లో ఈ ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చాయి.

విచిత్రమేమిటంటే, సుమారు అదే కాలంలో జర్మనీలోని బాన్‌లో మిషెల్ ఐకెల్‌బామ్ అనే పరిశోధకుడికి కూడా ఇలాంటి అనుభవమే ఎదురైంది. స్పార్టీన్ అనే మందు ఇచ్చినప్పుడు ఇద్దరికి చూపు మసకబారి, ఒకటి రెండుగా కనిపించింది. వాళ్ల ఒంట్లోనూ మందు విరగలేదు. రెండు చోట్లా దోషి ఒకటేనని తర్వాత తెలిసింది: సీవైపీ2డీ6 అనే ఎంజైము. దాన్ని తయారుచేసే జన్యువు 22వ క్రోమోజోము మీద ఉంది. అందులోని లోపమేమిటో 1988లో బయటపడింది.

డెబ్రిసోక్విన్ ఇప్పుడు వాడుకలో లేదు. ఆ ఎంజైముకు మాత్రం చేతినిండా పనే. గుండెకు వాడే మెటోప్రొలాల్ నుంచి డిప్రెషన్ మాత్రల దాకా ఎన్నో మందులను అదే విరగ్గొడుతుంది. నొప్పికీ దగ్గుకీ వాడే కోడీన్ సంగతి ఇంకా వేరు. అది లివర్‌లో మార్ఫిన్‌గా మారితేనే నొప్పి తగ్గుతుంది. ఎంజైము లేనివాళ్లకు కోడీన్‌తో పెద్దగా ఉపశమనం ఉండదు. ఆ ఎంజైము మరీ చురుగ్గా ఉన్నవాళ్లలో మార్ఫిన్ ఒక్కసారిగా పెరిగి ఊపిరి మందగిస్తుంది. టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత కోడీన్ ఇచ్చిన పిల్లల్లో కొందరు ఇలాగే చనిపోయారు. దాంతో 2013లో అమెరికా ఎఫ్‌డీఏ అలాంటి పిల్లలకు ఆ మందు ఇవ్వొద్దని గట్టిగా హెచ్చరించింది.

మన ఇళ్లలోనూ...

తెలుగు నేల మీద మత్తు డాక్టర్లు జాగ్రత్తపడే సంగతి ఇలాంటిదే ఇంకొకటుంది. ఆపరేషన్‌కు ముందు గొంతులో గొట్టం వేయడానికి, కండరాలు సడలేందుకు స్కోలిన్ ఇస్తారు. నెత్తుట్లో ఉండే కోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని కొద్ది నిమిషాల్లో విరగ్గొట్టేస్తుంది. ఆ ఎంజైము లేకపోతే కండరాలకు గంటల తరబడి బిగువు రాక, ఊపిరి తీసుకోవడమూ కుదరదు. వెంటిలేటర్ మీద ఉంచి కాచుకుంటే మందు ప్రభావం దానంతటదే దిగిపోతుంది. ఆర్యవైశ్య కుటుంబాల్లో ఈ లోపం మిగతావారికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. దానికి కారణమైన జన్యుమార్పును 2006లో పరిశోధకులు గుర్తించారు. తరతరాలుగా తమలో తాము సంబంధాలు కలుపుకుంటూ రావడంతో అది నిలిచిపోయింది. ఆ మందు తగలనంతకాలం దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు కాబట్టి, ఉన్నట్టు కూడా తెలియదు.

అందుకే ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు ‘మీరేవిట్లండీ?’ అని కులం అడిగితే నొచ్చుకోవద్దు. మీకో, మీ రక్తసంబంధీకులకో ఎప్పుడైనా మత్తు దిగాక ఊపిరి అందడం ఆలస్యమైనా, మామూలు మోతాదు మాత్రకే కళ్లు తిరిగి పడిపోయినా ఆ మందు పేరు రాసిపెట్టుకుని డాక్టరుకు చూపించండి. దాని బదులు వాడదగ్గవి ఉంటాయి. ఏది మానాలో తెలియడానికి ముందు ఆ పేరు కావాలి.