యేనా నీలి మాత్ర

1931లో అడాల్ఫ్ బూటెనాంట్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త బెర్లిన్ పోలీసుల మూత్రం దాదాపు 15,000 లీటర్లు పోగుచేయించాడు. దాన్ని మరిగించి, వడగట్టి, కడిగి, ఆరబెట్టగా చివరికి చేతికి వచ్చిన స్ఫటికాలు 15 మిల్లీగ్రాములు. వాటికి ఆండ్రోస్టిరోన్ అని పేరు పెట్టాడు. మరో నాలుగేళ్ళకు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నెస్ట్ లాక్వర్ బృందం ఎద్దు వృషణాల నుంచి అంతకంటే ఎన్నో రెట్లు బలమైన హార్మోన్ తీసింది. అదే టెస్టోస్టిరోన్. ఆ 1935లోనే బూటెనాంట్ ఒక పక్క, స్విట్జర్లాండ్‌లో లియోపోల్డ్ రుజిచ్కా మరో పక్క దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి చూపించారు. ఇక పోలీసులతోనూ ఎద్దులతోనూ పని లేకుండా పోయింది.

టెస్టోస్టిరోన్ చేసే పనులు రెండని అప్పటికే తెలుసు. గడ్డం మొలిపించడం, గొంతు బొంగురు చేయడం లాంటి మగ లక్షణాలు తేవడం ఒకటి. తిన్న మాంసకృత్తులను కండగా నిలబెట్టడం రెండోది. మంచాన పడి చిక్కి శల్యమైన రోగికి కావలసింది ఈ రెండోదే. ఆ రోగి ఆడమనిషో, పసిపిల్లో అయితే మొదటిది అసలు వద్దు. అందుకని ప్రపంచంలోని మందుల కంపెనీలన్నీ పాల నుంచి నీళ్ళను విడదీసే హంస కోసం వెతికినట్టు, కండను మాత్రమే ఇచ్చి మగతనాన్ని విడిచిపెట్టే అణువు కోసం ఇరవై ముప్పై ఏళ్ళు వెతికాయి. కొత్త అణువు తయారైనప్పుడల్లా దాన్ని వృషణాలు తీసేసిన ఎలుకలకు ఎక్కించేవారు. తర్వాత ఎలుకను కోసి, కటి దగ్గర ఒక కండరాన్నీ, ప్రొస్టేట్ గ్రంథినీ విడివిడిగా తూచేవారు. కండ ఎక్కువ బరువు, గ్రంథి తక్కువ బరువు తూగితే ఆ అణువుకు మంచి మార్కులు పడేవి.

హంస మాత్రం దొరకలేదు. కండరానికి ఒక రిసెప్టర్, స్వరపేటికకు ఇంకో రిసెప్టర్ అని శరీరం వేరువేరుగా పెట్టుకోలేదు. తొడ కండకైనా, గొంతులోని తంత్రులకైనా, చర్మం కింది నూనె గ్రంథికైనా, వెంట్రుక కుదురుకైనా ఉన్న ఆండ్రోజెన్ (మగ హార్మోన్) రిసెప్టర్ ఒక్కటే. హార్మోన్ దానికి అతుక్కున్నాక రెండూ కలిసి కణ కేంద్రకంలోకి వెళ్ళి జన్యువులను మేలుకొలుపుతాయి. ఏ కణం మేలుకుంటే ఆ కణం తన పని తాను చేసుకుపోతుంది. ఒక పని ఎక్కువ, ఒకటి తక్కువ అయ్యేలా కొంత మొగ్గించవచ్చు గానీ విడగొట్టడం కుదరదు. 'అనబాలిక్ స్టెరాయిడ్' అని డబ్బా మీద ఎంత అందంగా రాసినా లోపల ఉన్నది ఆండ్రోజెనే.

తూర్పు జర్మనీలోని యేనా పట్టణంలో యేనాఫార్మ్ అనే ప్రభుత్వ కర్మాగారం 1960లలో తెచ్చిన ఓరల్ టూరినాబోల్ ఈ వెతుకులాటలో పుట్టిన బిడ్డే. టెస్టోస్టిరోన్‌ను అలాగే మింగితే కాలేయం వచ్చినదాన్ని వచ్చినట్టే విరగ్గొట్టేస్తుంది. 17వ కార్బన్ దగ్గర ఒక మిథైల్ గుంపు తగిలిస్తే కాలేయం దాన్ని అంత సులువుగా విరవలేదు. ఆ విరవలేకపోవడమే కాలేయానికి చేటు కూడా. స్విస్ కంపెనీ సీబా 1958లో అమ్మకానికి పెట్టిన డయానబాల్‌లో ఉన్న కిటుకు ఇదే. యేనా రసాయనికులు ఆ అణువుకే నాలుగో కార్బన్ మీద ఒక క్లోరిన్ చేర్చారు. దానితో అది శరీరంలో ఈస్ట్రోజెన్‌గా మారే దారి మూసుకుపోయింది. 1 మిల్లీగ్రాము మాత్ర గులాబీ రంగు, 5 మిల్లీగ్రాములది నీలం. శస్త్రచికిత్స తర్వాత కోలుకోలేని వాళ్ళకు, ఎముకలు గుల్లబారిన వాళ్ళకు పనికొచ్చే మందుగానే అది బయటికి వచ్చింది.

కోటీ డెబ్బై లక్షల జనాభా ఉన్న తూర్పు జర్మనీ పెద్ద దేశాల సరసన నిలబడాలంటే మార్గం ఒలింపిక్స్ అని పాలక పార్టీ పెద్దలకు తోచింది. అందులోనూ ఆడపిల్లల పోటీలైతే దగ్గరి దారి. మగవాడి ఒంట్లో రోజుకు 5 నుంచి 7 మిల్లీగ్రాముల టెస్టోస్టిరోన్ తయారవుతుంది, ఆడవారి ఒంట్లో పావు మిల్లీగ్రాము. ఉన్నదే అంత తక్కువైన చోట బయటి నుంచి వేసిన కొద్దిపాటి మందు కూడా పెద్ద తేడా చూపిస్తుంది. 1972 మ్యూనిక్‌లో తూర్పు జర్మనీ ఈత అమ్మాయిలకు ఒక్క బంగారు పతకమూ రాలేదు. 1974 అక్టోబరులో క్రీడాకారులకు ఈ మందులు ఇవ్వడాన్ని ప్రభుత్వ పథకం చేస్తూ 'ప్రభుత్వ ప్రణాళికా అంశం 14.25' అనే రహస్య నిర్ణయం జరిగింది. 1976 మాంట్రియల్‌లో ఆ దేశపు అమ్మాయిలు ఈతలో ఉన్న 13 స్వర్ణాలలో 11 పట్టుకుపోయారు. ఆ అమ్మాయిల గొంతులు ఇంత మోటుగా ఉన్నాయేమిటని అడిగిన అమెరికన్ ఈతగత్తె షర్లీ బాబషాఫ్‌ను ఆమె దేశపు పత్రికలే ఓర్వలేనిదని ఎగతాళి చేశాయి.

ఫైళ్ళలో ఎక్కడా 'డోపింగ్' అన్న మాట రానివ్వలేదు, 'సహాయక సాధనాలు' అని రాసుకున్నారు. పిల్లలకు చెప్పింది విటమిన్లని. తల్లిదండ్రులకు అదీ చెప్పలేదు. 1977లో ఇలోనా స్లుపియానెక్ అనే షాట్‌పుట్ క్రీడాకారిణి హెల్సింకిలో పట్టుబడ్డాక జాగ్రత్త పెరిగింది. విదేశానికి బయలుదేరే ప్రతి క్రీడాకారిణి మూత్రాన్నీ డ్రెస్డెన్ దగ్గరి క్రైషా ల్యాబ్‌లో ముందే పరీక్షించేవారు. మందు ఆనవాలు కనబడితే జ్వరమనో, గాయమనో చెప్పి ఇంట్లోనే ఉంచేవారు. ఆ ల్యాబ్‌కు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ గుర్తింపు ఉండేది! దొంగను పట్టాల్సిన పరికరంతోనే దొంగను దాటించారన్నమాట. మూత్రంలో టెస్టోస్టిరోన్‌కూ దాని జంట అణువైన ఎపిటెస్టోస్టిరోన్‌కూ ఉండే నిష్పత్తిని చూసి దొంగతనం పట్టే పద్ధతిని పశ్చిమ జర్మనీలో మాన్‌ఫ్రెడ్ డోనికె కనిపెడితే, ఆ ఎపిటెస్టోస్టిరోన్‌ను కూడా ఎక్కించి లెక్క సరిచేశారు. మనుషుల మీద వాడటానికి అనుమతే లేని ఎస్‌టీఎస్ 646 అనే మందు కూడా క్రీడాకారుల నోళ్ళలోకి వెళ్ళింది.

ఆ పిల్లల్లో ఒకతె హైడీ క్రీగర్, తూర్పు బెర్లిన్ అమ్మాయి. బలమైన భుజాలు, సిగ్గరి స్వభావం. స్టాసీ రహస్య పోలీసుల అండ ఉన్న డైనమో బెర్లిన్ క్లబ్‌కు చెందిన క్రీడా పాఠశాలలో చేరింది. పదహారేళ్ళ వయసులో రేకు కాగితంలో చుట్టిన నీలి మాత్రలు చేతికొచ్చాయి. వాటితో పాటు గర్భ నిరోధక మాత్రలు. కోచ్ ఇచ్చాడు, మింగింది. ఆ వయసులో కోచ్ మాటకు ఎదురు చెప్పే పిల్లలు ఎంతమంది ఉంటారు?

ఒళ్ళు మారడం మొదలైంది. దుస్తులు పట్టడం మానేశాయి, గొంతు బరువెక్కింది, ముఖం మీద వెంట్రుకలు వచ్చాయి. స్వరపేటిక ఒకసారి పెరిగి తంత్రులు మందమైతే మందు ఆపినా మళ్ళీ వెనక్కి పోవు. కండ మాత్రం మందు ఆపిన కొన్నాళ్ళకే కరగడం మొదలుపెడుతుంది. అంటే ఆడదాని శరీరంలో ఈ మందు మిగిల్చేది పతకం కోసం ఇచ్చిన భాగాన్ని కాదు, వద్దనుకున్న భాగాన్నే. వీధిలో వెళుతుంటే హైడీని చూసి జనం వెకిలి మాటలు అనేవారు. మెల్లగా ఆమె గౌన్లు వేసుకోవడం మానేసింది. ఆమె ఆట షాట్‌పుట్. ఆ గుండు విసిరే బరిలో మాత్రం ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆ ఇనప గుండు ఎంత దూరం పడితే అంత మర్యాద.

1986 ఆగస్టులో స్టుట్‌గార్ట్‌లో జరిగిన యూరోపియన్ ఛాంపియన్‌షిప్‌లో ఆమె గుండును 21.10 మీటర్ల దూరం విసిరి స్వర్ణం గెలిచింది. ఆ ఏడాది ఆమెకు ఇచ్చిన ఓరల్ టూరినాబోల్ దాదాపు 2,600 మిల్లీగ్రాములని తర్వాత దొరికిన కాగితాల్లో ఉంది. మామూలు స్త్రీ శరీరం ఏడాది మొత్తానికి తయారుచేసుకునే టెస్టోస్టిరోన్ 100 మిల్లీగ్రాములు దాటదు. రెండూ వేరువేరు అణువులు, ఒకటికొకటి సరిపోల్చడం పూర్తిగా సబబు కాదు. అయినా ఆ అంకెలను పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేం.

అంత కండను మోయడానికి తగ్గ కీళ్ళు ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. రోజూ టన్నుల కొద్దీ ఇనుము ఎత్తి ఎత్తి తుంటి, మోకాళ్ళు, నడుము అన్నీ పాడయ్యాయి. 1991లో ఆట నుంచి తప్పుకుంది. అప్పటికి బెర్లిన్ గోడ కూలింది, దేశమే లేదు. పని దొరకలేదు, అద్దంలో కనిపించే మనిషి ఎవరో తనకే తెలియని పరిస్థితి. బతుకు చాలించాలన్నంత దూరం వెళ్ళి వెనక్కి వచ్చింది. 1997లో లింగ మార్పిడి శస్త్రచికిత్స చేయించుకుని ఆండ్రెయాస్ క్రీగర్ అయ్యాడు.

ఇక్కడ కొంచెం నిదానించాలి. మాత్రలే ఆడపిల్లను మగవాణ్ణి చేశాయని పత్రికలు తేలిగ్గా రాసేశాయి. ఆండ్రెయాస్ అలా చెప్పడు. తాను ఎవరన్న సందేహం చిన్ననాటి నుంచీ తనలో ఉండేదంటాడు. ఆ సందేహాన్ని తనంతట తాను తేల్చుకునే అవకాశాన్ని వాళ్ళు లాక్కున్నారన్నదే ఆయన ఫిర్యాదు. నాకు ఇదే ఎక్కువ బరువైన నేరారోపణగా కనిపిస్తుంది. శరీరాన్ని పాడుచేశారంటే వైద్యుడు లెక్క కట్టగలడు. ఒక మనిషి తనకు తాను ఇచ్చుకోవలసిన జవాబును ఇంకెవరో రాసేస్తే దానికి లెక్క ఎవరు కడతారు?

విడ్డూరం ఏమిటంటే, యేనాలో టూరినాబోల్ పుట్టిన రోజుల్లోనే గోడకు అవతల పశ్చిమ బెర్లిన్‌లో షేరింగ్ కంపెనీ సరిగ్గా దీనికి విరుగుడు పట్టుకుంది. గర్భాన్ని నిలిపే హార్మోన్ల కోసం వెతుకుతూ ఫ్రీడ్‌మండ్ నోయ్‌మన్ బృందం ఒక అణువును చూడి ఎలుకలకు ఇస్తే, పుట్టిన మగ పిల్లలకు ఆడ అవయవాల పోలికలు వచ్చాయి. సైప్రోటిరోన్ ఎసిటేట్ అలా బయటపడింది. అది ఆండ్రోజెన్ రిసెప్టర్ మీద తాను కూర్చుని అసలు హార్మోన్‌కు చోటివ్వదు. ప్రొస్టేట్ కేన్సర్‌కూ, ఆడవాళ్ళలో అతిగా మొలిచే వెంట్రుకలకూ మందుగా వాడారు. ఒకే ఊళ్ళో ఒక పక్క ఆ రిసెప్టర్‌ను తెరిచేందుకు చిన్నపిల్లల నోట్లో మాత్రలు వేస్తుంటే, రెండో పక్క దాన్ని మూసే మందును సీసాల్లోకి నింపుతున్నారు. గోడ కూలాక యేనాఫార్మ్‌ను షేరింగ్ కొనేసింది.

ఈ గుట్టంతా బయటికి లాగింది ఒక భార్యాభర్తల జంట. బ్రిగిటె బేరెన్‌డోంక్ చిన్నప్పుడే తూర్పు జర్మనీ నుంచి పారిపోయి వచ్చి, పశ్చిమ జర్మనీ తరఫున ఒలింపిక్స్‌లో ఆడిన క్రీడాకారిణి. భర్త వెర్నర్ ఫ్రాంకె హైడెల్‌బర్గ్‌లో కణ జీవశాస్త్రవేత్త. బాడ్ సారోలోని సైనిక వైద్య అకాడమీలో ధ్వంసం కాకుండా మిగిలిపోయిన రహస్య పరిశోధనా వ్యాసాలను సంపాదించారు. ఎవరికి ఏ నెలలో ఎన్ని మిల్లీగ్రాములు, ఎంత దూరం పెరిగింది, అన్నీ శ్రద్ధగా నమోదై ఉన్నాయి. బేరెన్‌డోంక్ పుస్తకం 1991లో వచ్చింది. మందు అందుకున్నవారు 10,000 మంది వరకు ఉంటారని అంచనా. కాలేయంలో గడ్డలు, ఆగిపోయిన నెలసరి, నిలవని గర్భాలు, జీవితాంతం బొంగురుపోయిన గొంతులు ఒక్కొక్కటే లెక్కకు రాసాగాయి.

2000లో బెర్లిన్ కోర్టులో విచారణ. క్రీడా వ్యవస్థను పాతికేళ్ళకు పైగా ఏలిన మాన్‌ఫ్రెడ్ ఎవాల్ట్, మాత్రల పథకాన్ని నడిపిన డాక్టర్ మాన్‌ఫ్రెడ్ హోప్నర్ ముద్దాయిలు. హోప్నర్ స్టాసీకి 'టెక్నిక్' అనే మారుపేరుతో సమాచారం ఇచ్చేవాడు. మందు ఆడపిల్లలకు ఏం చేస్తోందో అతడే ఆ నివేదికల్లో రాసి ఇచ్చాడు. అంటే తెలియక జరిగిందేమీ కాదు. ఆండ్రెయాస్ సాక్ష్యం చెప్పాడు. మందు వల్ల పెరిగిన బరువును తన తప్పనుకుని ఏళ్ళ తరబడి తిన్నదంతా కక్కుకున్న ఈతగత్తె ఊటె క్రౌజె కూడా వచ్చింది. ఇద్దరికీ పరిచయమైంది, తర్వాత పెళ్ళి చేసుకున్నారు. ఎవాల్ట్‌కు 22 నెలలు, హోప్నర్‌కు 18 నెలలు శిక్ష పడింది. రెండూ అమలు కాని శిక్షలే, ఇద్దరూ ఇంటికి వెళ్ళిపోయారు. 2006లో యేనాఫార్మ్ 184 మందికి తలా 9,250 యూరోలు ఇచ్చింది.

మాత్ర మాత్రం చావలేదు. మూత్రంలో వారాల తరబడి మిగిలే దాని ఆనవాళ్ళను 2012లో మాస్కో ల్యాబ్ గుర్తించి ప్రచురించింది. ఆ పద్ధతితో 2008, 2012 ఒలింపిక్స్ నాటి పాత శాంపిళ్ళను మళ్ళీ పరీక్షిస్తే పదుల కొద్దీ పతకాలు ఊడిపోయాయి. పద్ధతి కనిపెట్టినవారిలో ఒకడైన గ్రిగోరీ రోద్చెంకోవ్ అదే కాలంలో రష్యా క్రీడాకారులకు స్టెరాయిడ్లు మద్యంలో కలిపి ఇస్తున్నాడు. మన దేశానికీ ఈ వంశం కొత్తది కాదు. 2010లో ఢిల్లీ కామన్వెల్త్‌లోనూ, గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లోనూ 4×400 రిలే స్వర్ణాలు తెచ్చిన మన అమ్మాయిల జట్టులో ముగ్గురు ఆ మరుసటి ఏడు దొరికిపోయింది టూరినాబోల్ అక్క లాంటి డయానబాల్ అణువుతోనే. కోచ్ తెచ్చిన జిన్‌సెంగ్ మాత్రల్లో ఉందేమోనన్నారు. అక్కడా బలం కోసమని చేతిలో పెట్టింది కోచే, మింగింది పిల్లలే.

ఆండ్రెయాస్ తన స్టుట్‌గార్ట్ పతకాన్ని వదిలేసుకున్నాడు. డోపింగ్ మీద పోరాడేవారికని జర్మనీలో పెట్టిన హైడీ క్రీగర్ పురస్కారంలో దాన్ని అమర్చారు. తూర్పు జర్మనీ పరుగు క్రీడాకారిణి ఇనెస్ గైపెల్ చేసింది ఇంకా మొండి పని. ఆమె పరుగెత్తింది యేనా పట్టణపు క్లబ్ తరఫునే, మాత్ర పుట్టిన ఊరి తరఫునే. 1984లో ఆ క్లబ్ అమ్మాయిలు నలుగురు 4×100 మీటర్ల రిలేలో 42.20 సెకన్ల రికార్డు పెట్టారు. మందుతో వచ్చిన ఆ రికార్డులో నా పేరు ఉండనివ్వవద్దని 2005లో ఆమె క్రీడా సంఘాన్ని అడిగింది. మిగతా ముగ్గురి పేర్లూ, 42.20 సెకన్లూ పట్టికలో ఉండిపోయాయి, ఆమె పేరు ఉండవలసిన చోట ఒక నక్షత్రపు గుర్తు పెట్టారు.