హంపి రాయి, బాదామి రాయి

భూగోళం పాఠంలో అగ్నిశిలలు, అవక్షేప శిలలు అని రెండు పేర్లు వస్తాయి. మొదటిది కరిగిన శిలాద్రవం చల్లారి గట్టిపడింది. రెండోది ఇసుక, మట్టి పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడింది. పరీక్షకు ఇంత రాస్తే చాలు. కానీ కర్ణాటకలో ఉండే మనకు ఈ రెండు రాళ్లూ రెండు రాజధానులు. గ్రానైటు అంటే హంపి, ఇసుకరాయి అంటే బాదామి. ఏ రాజు ఏ గుడి కట్టించాడు అన్నది సగం చరిత్రేనని, అక్కడ ఏ రాయి దొరికింది అన్నది మిగతా సగమని నాకు అనిపిస్తుంది.

ముందు బాదామి సంగతి. చాళుక్య రాజు మొదటి పులకేశి 543లో ఇక్కడి కొండమీద కోట కట్టించినట్టు ఆ బండమీది శాసనమే చెబుతుంది. ఎర్రటి కొండలు, వాటి మధ్యలో అగస్త్య తీర్థం అనే చెరువు. ఈ రాయి ఒకప్పుడు ఇసుక. ఆ ఇసుక పొరలు గుహల గోడలమీద, స్తంభాలమీద ఇప్పటికీ గీతల్లాగా కనబడతాయి, ఒకటి ముదురు ఎరుపు, దాని పక్కది లేత రంగు. విగ్రహాల ఒంటిమీదుగా కూడా ఆ గీతలు అలాగే పోతాయి. రేణువుల మధ్య పట్టు గ్రానైటులో ఉన్నంత గట్టిగా ఉండదు కాబట్టి ఇసుకరాయి ఉలికి త్వరగా లొంగుతుంది. అందుకే ఒకటో గుహలో 18 చేతుల నటరాజును, మూడో గుహలో స్తంభాలపైన జంటల బొమ్మలను అంత సన్నగా చెక్కగలిగారు. మూడో గుహలోని మంగళేశుడి శాసనం 578 నాటిది. గ్రానైటును తొలవలేరని నేను అనడం లేదు. మహాబలిపురంలో పల్లవులు తొలిచారు కదా! కాకపోతే చాకిరీ చాలా ఎక్కువ.

హంపి గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూమి లోపల నిదానంగా చల్లారింది కాబట్టి అందులోని స్ఫటికాలు కంటికి కనబడేంత పెద్దవి. ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్న ఆ గుండ్లను ఎవరూ పేర్చలేదు. బండకు పడిన బీటల్లోకి నీళ్లు దిగి, మూలలు అరిగి అరిగి అవి గుండ్రంగా అయ్యాయి. విజయనగరం వాళ్లకు రాయి కోసం దూరం పోయే పనే లేకపోయింది, వాకిట్లోనే ఉంది. కృష్ణదేవరాయల కాలంలో, 1528లో, అక్కడి ఒకే బండలో ఆరున్నర మీటర్లకు పైగా ఎత్తుతో నరసింహస్వామిని మలిచారు. అయితే గోపురాలను గమనించండి. కింది భాగం గ్రానైటు, పైభాగం ఇటుక, సున్నం. మహానవమి దిబ్బ కూడా మొదట గ్రానైటుతోనే కట్టినా, తర్వాత ముదురు రంగు మెత్తటి రాయి తొడిగి దానిమీద బొమ్మలు చెక్కారు. అంటే ఎక్కడ ఏ రాయి పనికొస్తుందో వాళ్లకు బాగా తెలుసు. హంపి శిల్పాలు బాదామి అంత నాజూకుగా లేవని కొందరు తక్కువ చేసి మాట్లాడతారు. రాయి తేడా చూడకుండా చేతిని తప్పు పట్టడం నాకు న్యాయంగా తోచదు.

మాది రాళ్లు కొట్టే కుటుంబం. మా తాత క్వారీలో పనిచేశాడు. పోయిన వేసవిలో మేము రెండు ఊర్లూ చూశాము. బాదామిలో తాత స్తంభం పొరలమీద వేలు పెట్టి, "ఇది పొర వెంట లేస్తుంది, నీళ్లు తగలకూడదు" అన్నాడు. నిజంగానే కొన్నిచోట్ల పైపొర రాలిపోయి బొమ్మల ముఖాలు లేవు. అది వానలు చేసిన పని. స్తంభాలమీద తమ పేర్లు గీకింది మాత్రం చూడటానికి వచ్చినవాళ్లే. మెత్తటి రాయి శిల్పికీ లొంగుతుంది, వీళ్లకూ లొంగుతుంది.

పేర్లంటే గుర్తొచ్చింది. బాదామికి దగ్గర్లోని పట్టదకల్లులో, రాణి లోకమహాదేవి కట్టించిన విరూపాక్ష ఆలయం శాసనంలో దాన్ని కట్టిన ఆచారి పేరుంది. గుండ అనివారితాచారి. రాజు ఆయనకు త్రిభువనాచారి అని బిరుదు ఇచ్చాడట. కట్టినవాడి పేరు రాజు పేరుతోపాటు 1200 ఏళ్లకు పైగా నిలిచింది! హంపిలో మాకు గైడు చెప్పిన పేర్లన్నీ రాజులవి, సేనాపతులవే.

కానీ హంపిలో పేరు లేకపోయినా గుర్తులున్నాయి. గుండ్లమీద వరసగా చిన్న చిన్న గుంటలుంటాయి. వాటిలో మేకులు దిగ్గొట్టి బండను గీత గీసినట్టు చీల్చేవాళ్లు. మా తాత ఆ గుంటల్లో వేలు పెట్టి లోతు చూసి, "మన పనే ఇది" అని నవ్వాడు. ఒక గుండుమీద గుంటలు పూర్తిగా కొట్టి ఉన్నాయి, బండ మాత్రం చీలలేదు. 1565లో తాళికోట యుద్ధం తర్వాత ఊరు వదిలిపెట్టినప్పుడు ఆగిన పని అయ్యుంటుందని మా నాన్న అన్నాడు. కాదు, లోపల అడ్డబీట ఉందని పసిగట్టి పనివాళ్లే వదిలేసుంటారని తాత. బస్సు ఎక్కేదాకా ఇద్దరూ తగ్గలేదు.