గోడ కట్టనీయని మందు – మన సుబ్బారావుగారు

వన్ టౌన్‌లో నేను పాఠాలు చెప్పిన పిల్లలకు ఫ్లెమింగ్ తెలుసు. యల్లాప్రగడ సుబ్బారావుగారిని గూర్చి అడిగితే మౌనమే!

1928లో ఫ్లెమింగ్ కనుగొన్న పెన్సిలిన్ సూక్ష్మజీవిని కణకవచం కట్టుకోనీయదు. గోడ కుదరని కణం నీటిని పీల్చి పగిలిపోతుంది. మన కణాలకు గోడే లేదు గనుక ఆ దెబ్బ మనకు తగలదు. అయితే దానికి లొంగని క్రిములెన్నో.

1895లో భీమవరంలో జన్మించిన సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనాధిపతిగా ఆ కొరతపై దృష్టి నిలిపారు. ఆయన ఆధ్వర్యంలో డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్‌ను సాధించారు. ఇది గోడ జోలికి పోదు. క్రిమిలో మాంసకృత్తుల తయారీని ఆపుతుంది. 1948లో ఇది లోకానికి వెల్లడైంది. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు.

మిత్రులారా, నేటి డాక్సీసైక్లిన్ ఆ కుటుంబపు బిడ్డే. బిళ్ళ మింగేటప్పుడైనా ఆ తెలుగువాణ్ణి తలచుకొందాం.