‘టాటానగర్’ అను కవచ శకటము

ఒక ఊరి పేరు యుద్ధ వాహనమునకు వాడుకపేరగుట విశేషమే. రెండవ ప్రపంచ సంగ్రామమున ఆ విశేషము మన టాటానగరునకు దక్కినది. దస్త్రములలో ‘ఇండియన్ ప్యాటర్న్ కారియర్’ అని వ్రాయబడిన కవచపు బండిని జనులు ‘టాటానగర్’ అని పిలిచిరి.

ఇచ్చటి ఉక్కు కంపెనీ 1907లో స్థాపితమై, 1912లో తొలిసారి ఉక్కును పోసినది. 1919లో సాక్చి జంషెడ్‌పూరు అయ్యెను. కాళీమాటి స్టేషను టాటానగర్ అయ్యెను.

1940లో డంకర్క్ వద్ద బ్రిటన్ తన యుద్ధసామగ్రిని చాలవరకు కోల్పోయినది. ఇక భారతసేనకు కావలసిన కవచవాహనములను భారతదేశమే సమకూర్చుకొనవలసివచ్చెను. చట్రములు, యంత్రములు కెనడా నుండి ఓడలలో దిగినవి. కవచపు పలకలను టాటా కర్మాగారము తయారుచేసినది. వాటిని బండిగా కూర్చుటలో రైల్వే వర్క్‌షాపులు తోడ్పడినవి. పలకల మందము గరిష్ఠముగా 14 మిల్లీమీటర్లు. లోపల ముగ్గురు నలుగురు సైనికులు, వారికి ఒక బ్రెన్ తుపాకి, ఒక బాయిస్ రైఫిలు. 1944 నాటికి ఇట్టివి 4,655 తయారైనవి. ఉత్తర ఆఫ్రికా, ఇటలీ, బర్మా రంగములందు అవి సేవచేసినవి.

నేడు పాత వాహనములను పునరుద్ధరించు ఔత్సాహికులు పలుదేశములలో కలరు. ఈ బండ్లకు వాడిన ఫోర్డు వి-8 యంత్రము లోకమున విస్తారముగా వాడుకలో నుండినది. దాని భాగములు వెదకిన దొరకును. కవచము సంగతి వేరు. పాత పలకలను తీసి క్రొత్తవి అతికినచో బండి నడచును గాని, అది టాటానగర్ కాజాలదు. తుప్పును తొలగించి, మూలమును నిలిపి, ఏది పాతదో ఏది క్రొత్తదో వ్రాసి ఉంచుటయే నిజమైన పునరుద్ధరణము.

చరిత్రకును ఇదియే న్యాయము. బండ్ల లెక్క మిగిలినది. పలకలను కాచిన చేతుల పేర్లు మిగులలేదు. ఉత్తరాంధ్రము నుండి పొట్టచేతబట్టుకొని ఈ ఊరికి వచ్చిన మనవారెందరో ఆ కొలుముల యెదుట చెమటోడ్చిరి. యుద్ధము ముగిసి ఎనుబదేండ్లు దాటినది. నాటివారు దాదాపుగా గతించిరి. వారి మాటలు విన్న పుత్రపౌత్రులు మాత్రము మనలో ఉన్నారు. ఇండ్లలోని జీతపు చీటీలను, హాజరు బిళ్లలను, ఫోటోలను పారవేయక, వాటి వెనుక పేరును, ఊరును, సంవత్సరమును వ్రాసి ఉంచుడు. ఇనుమునకు పట్టిన తుప్పును గీకి తీయవచ్చును. మరచిన పేరును తిరిగి తెచ్చుట ఎవరి తరము?