ఆకలీ నిద్రా తోబుట్టువులే

“ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు” అన్నారు మన పెద్దవాళ్ళు. తెలుగు బి.ఏ. చదివినదాన్ని కదా, సామెత కనిపిస్తే దాని వెనక ఏముందో వెతకడం నాకలవాటు. ఈ రెండింటినీ పక్కపక్కన ఎందుకు కూర్చోబెట్టారా అని చూస్తే చాలా సంగతులే దొరికాయి.

చరకసంహిత శరీరాన్ని నిలబెట్టే ఊతస్తంభాలు మూడని చెప్పింది: ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం. తిండి తర్వాత వెంటనే నిద్రే. నిద్ర పట్టించేవాటిలో గేదెపాలు మేలైనవనీ అందులోనే ఉంది. పడుకోబోయే ముందు పిల్లలకి గ్లాసుడు పాలు పట్టే మన అలవాటు ఈనాటిది కాదన్నమాట.

కిరోసిన్ దీపాల రోజుల్లో పొద్దుగూకేసరికి అన్నాలైపోయేవి. ఆ పద్ధతిని మార్చింది కరెంటు దీపం. 1879లో బల్బు వెలిగించి చూపిన ఎడిసన్‌కి అసలు నిద్రంటేనే గిట్టదు. జనం అవసరానికి మించి పడుకుంటున్నారనేవాడు. ఆ వెలుగు ఇంటింటికీ వచ్చాక, టీవీలూ ఫోన్లూ తోడయ్యాక, మన రాత్రి భోజనం తొమ్మిదిన్నరకి జరిగింది. నిద్ర ఇంకా వెనక్కి పోయింది.

దీనివల్ల ఒంట్లో ఏం జరుగుతుందో ఈమధ్యే తేలింది. “కడుపు నిండింది, చాలు” అని మెదడుకి చెప్పే లెప్టిన్‌ని 1994లో అమెరికాలో, “ఆకలేస్తోంది” అని చెప్పే గ్రెలిన్‌ని 1999లో జపాన్‌లో కనిపెట్టారు. 2004లో షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు 12 మంది కుర్రాళ్ళని రెండేసి రాత్రులు నాలుగు గంటలే పడుకోనిచ్చి, పది గంటలు పడుకున్నప్పటితో పోల్చారు. నిద్ర తగ్గినప్పుడు లెప్టిన్ 18 శాతం తక్కువ, గ్రెలిన్ 28 శాతం ఎక్కువ! మనసు స్వీట్ల మీదికీ, కారప్పూస లాంటి చిరుతిళ్ళ మీదికీ పోయింది. నిద్ర చాలని రోజున మిక్చర్ డబ్బా వైపు చెయ్యి ఎందుకు వెళ్తుందో అర్థమైందా?

ఆటగాళ్ళ సంగతీ అంతే. 2011లో వెలువడిన స్టాన్‌ఫర్డ్ అధ్యయనంలో 11 మంది బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళు కొన్ని వారాలపాటు రాత్రికి పది గంటలు పక్క మీద ఉండేలా చూశారు. పరుగు వేగం పెరిగింది, బంతి గురి సుమారు 9 శాతం మెరుగైంది. 2016 రియో ఒలింపిక్స్ ముందు మన సింధు దగ్గర గోపీచంద్ మూడు నెలలు ఫోన్ తీసేసుకున్నారు, ఐస్‌క్రీమ్ కూడా మాన్పించారు. అప్పట్లో అందరం నవ్వుకున్నాం గానీ, రాత్రిళ్ళు నిద్ర తినేది ఆ ఫోనే కదా!

ఇక తిండి వల్ల నిద్ర చెడే వైపు చూద్దాం. ఇది మన ఆడవాళ్ళ కథ. ఒంట్లో ఇనుము తగ్గితే కొందరికి పడుకోగానే కాళ్ళు లాగుతాయి, కదపకుండా ఉండలేరు. గర్భిణుల్లో ఇది మరీ ఎక్కువ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. “వయసు మీద పడింది, కాళ్ళు నొప్పులు” అనుకుని ఊరుకునేవాళ్ళలో ఎంతమందికి ఇది అసలు కారణమో! అన్నం తినగానే టీ తాగితే తిన్నదాంట్లోని ఇనుము కూడా సరిగ్గా ఒంటబట్టదు. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలోని కెఫీన్ రాత్రి పదకొండుకి కూడా సగం ఒంట్లోనే ఉంటుంది.

అందరికీ పెట్టి ఆఖర్న మిగిలింది తినడం, అందరికన్నా ఆలస్యంగా పడుకుని ముందే లేవడం మంచి ఇల్లాలి లక్షణమని తరతరాలుగా పొగుడుతూ వచ్చారు. చరకుడు చెప్పిన స్తంభాల్లో రెండింటిని ఆ ఒక్క మనిషి కిందనుంచే లాగేశారు. ఆ పొగడ్త మనకొద్దు. ఎనిమిదింటికి అందరితో పాటే కంచం పెట్టుకుందాం, గిన్నెలు పొద్దున తోముకోవచ్చు. కాళ్ళు లాగుతుంటే డాక్టర్‌నడిగి ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి. మీ ఇంట్లో రాత్రి భోజనం ఎన్నింటికి? మీరు తినేది ఎన్నింటికి?